కాటుక రేకుల పొడ



చాలా కాలంగా వ్రాయాలనుకొంటూ వాయిదా వేస్తూ వచ్చిన విషయమిది. వయసు అరవై దాటిన తరువాత వాయిదాలు వేయడం అంత మంచిది కాదని ఇవాళ కూర్చున్నాను. కొంచెం పొడుగైన టపా. ఓపికగా చదవగలరని ఆశ.

1985లో అరకు లోయకు దగ్గరలో ఒక పాఠశాలకు తెలుగు పండితునిగా వెళ్ళాను. భాషాప్రవీణ పట్టా, అమరకోశం కంఠస్థం, కాస్తంత అహంకారం, ఒక ట్రంకు పెట్టె. ఇవే నా సామగ్రి. ఆ ఏడు వేసవికి ముందు ఒక రోజున తొమ్మిదో తరగతి వారికి పద్యం చెబుతూ 'మధూకము' అన్న మాట దగ్గర ఆగి, అమరసింహుడు ద్వితీయ కాండలోని వనౌషధి వర్గంలో దీనికిచ్చిన పర్యాయపదాలన్నీ గుక్క తిప్పుకోకుండా వల్లించాను. పిల్లలు నోరు తెరుచుకొని చూశారు. చివర "దీనినే తెలుగులో ఇప్ప లేక విప్ప అంటారు" అని ముగించాను.

వెనక బల్ల మీది కుర్రవాడొకడు లేచి, "మాస్టారూ, మేము మహుల అంటామండి. మన బడి వెనకాలున్నది అదే కదండి" అన్నాడు.

నేను ఆ చెట్టు కిందనుండే రోజూ బడికి వచ్చేవాడిని. తెల్లవారుజామున ఆడవాళ్ళు బుట్టలు పట్టుకొని దానికింద పూలు ఏరుకోవడం కూడా చూశాను. అది ఏ చెట్టో ఒక్కనాడూ అడగలేదు. పది పేర్లు తెలిసిన నాకు చెట్టు తెలియదు. చెట్టు తెలిసిన ఆ పిల్లవాడి దగ్గర ఒక్కటే పేరు ఉంది. ఆ పేరులోనూ నా సంస్కృతంలోని 'మధువే' దాగి ఉన్నదని నాకు స్ఫురించడానికి మరి కొన్నేళ్ళు పట్టింది.

ఆ రోజు కలిగిన సిగ్గే ఈ వ్యాసానికి మూలం. ఈ కొండలలోని చెట్లకు, పాములకు, పిట్టలకు పేర్లు ఎవరు పెట్టారు, ఎవరు వ్రాసుకొన్నారు, ఎవరు మరచిపోయారు అన్న ప్రశ్న నన్ను అప్పటినుంచి వదలలేదు. వెతకగా వెతకగా పందొమ్మిదవ శతాబ్దంలోకి, దానికి కొంచెం ముందుకు పోవలసి వచ్చింది.

మన ఆలంకారికులు అద్భుత రసానికి స్థాయీభావం విస్మయమన్నారు. లోకంలో ఎన్నడూ చూడనిదాన్ని చూసినప్పుడు కలిగే చిత్తవిస్తారమే విస్మయం. అయితే విస్మయం తరువాత మనిషి ఏం చేస్తాడు? కావ్యంలోనైతే దాన్ని ఆస్వాదిస్తాడు, అక్కడితో పని పూర్తి. మరొక దారి కూడా ఉంది. "ఇదేమిటి? దీని పేరేమిటి? ఇది ఇక్కడే ఎందుకుంది?" అని అడగడం. జిజ్ఞాస అంటాం దాన్ని. ఆ కాలంలో మన తీరానికి వచ్చిన కొందరు కంపెనీ వైద్యులు, దొరలు ఈ రెండో దారి పట్టారు. వారిని పొగడటం నా ఉద్దేశం కాదు. వారి కథలో మనవాళ్ళ గొంతు ఎక్కడ వినబడుతుందో చూపడమే నా ప్రయత్నం.

మొదట విశాఖపట్నంలోనే మొదలుపెడతాను. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండు వైద్యుడు 1780లలో ఇక్కడ ఉండేవాడు. ఆయన తమ్ముడు క్లాడ్ రస్సెల్ విశాఖలో కంపెనీ వారి ముఖ్యాధికారి. 1785లో పాట్రిక్ రస్సెల్‌ను కంపెనీ వారు మద్రాసు ప్రాంతానికి ప్రకృతి శాస్త్రజ్ఞునిగా నియమించారు. పాము కాటుకు జనం చనిపోతున్నారు, ఏది విషమున్న పామో ఏది కాదో తెల్లవారికి తెలియదు. అది తేల్చడం ఆయన పనులలో ఒకటయింది. పాములు పట్టేవారి చేత పాములు తెప్పించుకొని, బొమ్మలు గీయించి, విషాన్ని కుక్కల మీద, కోళ్ళ మీద పరీక్షించి, 1796లో కోరమాండల్ తీరపు పాముల గురించి పెద్ద పుస్తకం అచ్చువేయించాడు. 1803లో విశాఖపట్నం చేపలు రెండువందలను బొమ్మలతో సహా మరొక గ్రంథంగా తెచ్చాడు.

నాకు ఆశ్చర్యం కలిగించినది ఆ పుస్తకాలలోని పేర్లు. రస్సెల్ తన సొంత పేర్లు పెట్టలేదు. తనకు చెప్పినవారు ఏ పేరు చెబితే ఆ పేరునే ఇంగ్లీషు లిపిలో వ్రాసుకొన్నాడు. నేడు ప్రపంచమంతా 'రస్సెల్స్ వైపర్' అని పిలిచే పాము, మన రక్తపింజర, ఆయన పుస్తకంలో 'కాటుక రేకుల పొడ'. కొండచిలువ 'పెద్ద పొడ'.

కాటుక రేకుల పొడ! ఒక్కసారి పైకి చదివి చూడండి. ఆ పాము ఒంటిమీద వరుసగా ఉండే నల్లటి అంచుల మచ్చలను చూసి, కాటుకతో దిద్దిన పూరేకుల వంటి పొడలు అన్నాడు ఎవడో పేరులేని తెలుగువాడు. ప్రాణం తీసే జంతువును అంత దగ్గరగా చూసి, భయపడుతూనే అంత అందంగా పేరు పెట్టినవాడు ఏ ప్రబంధకవికి తక్కువ? నలభై ఏళ్ళు అలంకారశాస్త్రం చెప్పిన నేను ఇంతకంటె మంచి రూపకాన్ని పిల్లలకు ఎన్నడూ చెప్పలేదు. 1797లో ఆ పాముకు శాస్త్రీయ నామంగా రస్సెల్ పేరే పెట్టారు. పేరు చెప్పినవాడు పోయాడు, పేరు వ్రాసుకొన్నవాడు నిలిచాడు.

అయినా తెలుగు మాటలు కొన్ని తప్పించుకొని శాస్త్రంలోకి దూరిపోయాయి. పసుపు, నలుపు పట్టెలుండే పామును చూపి మనవాళ్ళు 'బంగారు పాము' అన్నారు. ఆ మాటను పట్టుకొని ఫ్రాన్సు దేశపు దోదాఁ 1803లో ఆ పాముల జాతికంతటికీ 'బంగారస్' అని లాటిన్ రూపం కల్పించాడు. ఆసియా ఖండంలోని కట్లపాములన్నీ ఇప్పుడు శాస్త్రగ్రంథాలలో మన బంగారాన్నే మోస్తున్నాయి. అలాగే విశాఖ రేవులో అమ్మే కానాగంతలు, కొందరు కానగర్తలంటారు, రస్సెల్ పుస్తకంలో 'కనగుర్త'గా ఎక్కి, 1816లో కువియే చేతిలో ఆ చేప శాస్త్రీయ నామంలో భాగమయ్యాయి. పారిస్‌లో కూర్చున్న మహాపండితుడు విశాఖ జాలరి మాటను ప్రమాణంగా తీసుకొన్నాడన్నమాట.

రస్సెల్ తరువాత కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడైన విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో తోట పెంచాడు. 1793లో కలకత్తాకు వెళ్ళేవరకు గోదావరి మండలమే ఆయన పాఠశాల. ఆయన 'కోరమాండల్ తీరపు మొక్కలు' అన్న గ్రంథం మూడు సంపుటాలుగా, మూడువందల బొమ్మలతో, 1795 నుండి 1820 వరకు వెలువడింది. చాలా మొక్కల దగ్గర 'తెలింగుల పేరు' అని మన పేరును చేర్చాడు. నేను గుర్తుపట్టలేకపోయిన ఇప్పచెట్టు కూడా అందులో ఉంది.

రాక్స్‌బర్గ్ కథలో సోమిద చెట్టుది ప్రత్యేకమైన చోటు. కొండలలో జ్వరానికి దాని బెరడు వాడతారని తెలిసి, దక్షిణ అమెరికా నుండి వచ్చే సింకోనా బెరడుకు బదులుగా ఇది పనికివస్తుందేమోనని ఆయన ఒక చిన్న గ్రంథమే వ్రాశాడు. జ్వరహరమన్న అర్థం వచ్చే లాటిన్ మాటను దాని పేరులో చేర్చాడు. తరువాత 1830లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జుస్యూ ఆ చెట్టును వేరే ప్రజాతిగా విడదీసి 'సోయ్‌మిడ' అని పేరు పెట్టాడు. అంటే మన సోమిదయే. సింకోనాకు ఉన్న గుణం సోమిదకు లేదు, ఆ ఆశ నెరవేరలేదు. కాని ఆ ఆశ ఎందుకు పుట్టిందో గుర్తుంచుకోవాలి. మన్యం అంటే ఆనాడు జ్వరం. మైదానం నుండి పైకి వెళ్ళినవాడు తిరిగి వస్తాడో రాడో తెలియదు. ఆ జ్వరాన్ని మోసేది దోమ అని రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో తేల్చేటప్పటికి 1897 వచ్చింది. శతాబ్దమంతా అద్భుతానికి పక్కనే భయం కూడా కొండ ఎక్కింది.

ఇక వాల్టర్ ఎలియట్. ఆయన గురించి చెప్పనిదే ఉత్తరాంధ్ర చరిత్ర పూర్తి కాదు. 1845 నుండి 1854 వరకు ఉత్తర సర్కారుల కమిషనరు. వాల్తేరులో నివాసం. అమరావతి స్తూపం శిల్పాలను 1845లో తవ్వించినవాడు ఈయనే. నాణేలు, శాసనాలు, జంతువులు, పిట్టలు, చేపలు, మొక్కలు, దేనినీ వదిలిన మనిషి కాదు. చార్లెస్ డార్విన్ 1856లో ఈయనకు జాబు వ్రాసి, ఇక్కడి పెంపుడు పావురాల, కోళ్ళ చర్మాలు పంపమని అడిగాడు. ఎలియట్ పంపాడు. పన్నెండేళ్ళ తరువాత 1868లో పెంపుడు జంతువులు, మొక్కలలో వచ్చే మార్పులపై డార్విన్ తెచ్చిన పెద్ద గ్రంథంలో ఆయన చేసిన సాయం ప్రస్తావనకు వచ్చింది. జీవజాతుల పుట్టుకను గురించి లోకాన్ని కుదిపేసిన ఆలోచనకు మన దేశపు పావురాలు కూడా కొంచెం మేత అందించాయి.

తెలుగువారికి ముఖ్యమైనది ఎలియట్ 1859లో మద్రాసులో ప్రచురించిన 'ఫ్లోరా ఆంధ్రికా'. ఉత్తర సర్కారుల తెలుగు జిల్లాలలో సాధారణంగా కనబడే మొక్కల తెలుగు పేర్లకు శాస్త్రీయ నామాలను జోడించిన పట్టిక అది. ఆ వరుసను గమనించండి. అంతకు ముందు గ్రంథాలలో శాస్త్రీయ నామం ముందు, దేశీయ నామం దాని తోక. ఇక్కడ తెలుగు పేరే తలుపు. తెలుగు పేరు పట్టుకొని లోపలికి వెళితే లాటిన్ పేరు దొరుకుతుంది. నా వంటి వాడు 1985లో ఆ పుస్తకం చంకలో పెట్టుకొని అరకు వెళ్ళి ఉంటే అంత సిగ్గుపడవలసి వచ్చేది కాదు. అటువంటి పుస్తకం ఉందని కూడా మాకు ఏ గురువూ చెప్పలేదు. వారికీ ఎవరూ చెప్పి ఉండరు. ఎలియట్ చివరి రోజులలో చూపు పోగొట్టుకొని 1887లో స్కాట్లాండులో కన్నుమూశాడు.

థామస్ జెర్డన్ అనే వైద్యుడు 1836లో మద్రాసులో దిగి గంజాం కొండలలో జ్వరాలతో పడి ఉన్న సైనికులకు వైద్యం చేస్తూ పిట్టల మీద పడ్డాడు. తూర్పు కనుమల దక్షిణ భాగంలో ఆయన సంపాదించిన ఒక పిట్టను 1848లో బ్లైత్ లోకానికి పరిచయం చేశాడు. దానికి జెర్డన్ వ్రాసుకొన్న స్థానిక నామాన్ని 'అడవి ఉటతిత్తి' అని చదువుకోవచ్చు. కలివిపొదలలో తిరుగుతుంది గనుక కడప వైపు కలివికోడి అంటారు. 1900 తరువాత ఆ పిట్ట ఎవరికీ కనబడలేదు. అంతరించిందనుకొన్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల దగ్గర మళ్ళీ కనబడింది. ఆ వార్త నేను అరకులో ఉండగా పత్రికలో చదివాను. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు వెతుకుతూ వచ్చి ఊళ్ళలో బొమ్మ చూపించి అడిగితే, చివరకు పట్టి ఇచ్చినవాడు ఒక పల్లెటూరి వేటగాడు. లోకానికి ఎనభై ఆరేళ్ళు కనబడని పిట్ట అక్కడివారికి ఎన్నడూ మాయం కాలేదు. ఇక్కడ కూడా వరుస అదే చూడండి. ముందు స్థానికుడు, తరువాత శాస్త్రం.

అదే కోవలో మరొక పేరు రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్. 1860 నుండి 1882 వరకు మద్రాసు అడవుల సంరక్షకుడు. 1870లో ఈయన కాళ్ళు లేని ఒక నలికిరిని వర్ణించి, అది దొరికిన చోటు విశాఖపట్నం దగ్గరి 'గోల్కొండ కొండలు' అని వ్రాశాడు. హైదరాబాదు గోలకొండ అనుకొనేరు. అది నర్సీపట్నం పైనున్న మన గొలుగొండ. ఒక్క అక్షరం పొరపాటుతో ఎంత దూరం పోతామో తెలుగు పండితులకు వేరే చెప్పనక్కరలేదు. ఆ జీవి మళ్ళీ నూరేళ్ళకు పైగా శాస్త్రజ్ఞుల కంటబడలేదు, ఈ శతాబ్దంలోనే తిరిగి దొరికింది. జయపురం కొండలలో బెడ్డోమ్ చూసిన నేలబల్లి కూడా అంతే. 1870ల తరువాత కనబడక, ఇటీవలనే ఒడిశా దేవమాలి కొండ మీద, మన అరకు తోవలోని గాలికొండ మీద మళ్ళీ గుర్తించారు. నేను ఎన్నిసార్లు గాలికొండ మలుపులలో బస్సు కిటికీనుండి చూస్తూ పోయానో! అక్కడ రాళ్ళ మధ్య ఒక బల్లి నూటముప్పయ్యేళ్ళుగా తన పని తాను చేసుకుపోతోంది.

ఇంతవరకు అద్భుతం. ఇప్పుడు చేదు కూడా చెప్పాలి. చెప్పకపోతే చరిత్ర కాదు.

ఆ నలికిరి దొరికిన గొలుగొండ కొండలలోనే తొమ్మిదేళ్ళ తరువాత మంటలు లేచాయి. 1879లో గోదావరి మన్యంలో మొదలైన రంప పితూరి గొలుగొండ వైపు పాకింది. దానికి ముఖ్యకారణాలలో ఒకటి చిగురుపన్ను, అంటే కల్లు మీద పన్ను. మన్యంలో కల్లు అంటే ప్రధానంగా జీలుగు కల్లు. వృక్షశాస్త్రజ్ఞుని పుస్తకంలో జీలుగు ఒక అందమైన తాటిజాతి చెట్టు. గిరిజనుని ఇంట అది వేసవి ఆకలికి ఆసరా. సర్కారు లెక్కలో అది పన్ను కట్టవలసిన సరుకు. చెట్టు ఒక్కటే, చూపులు మూడు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడుకు, వంటచెరకుకు, పశువుల మేతకు హద్దురాళ్ళు పడ్డాయి. అడవికి పేర్ల పట్టిక వ్రాసిన శాఖే అడవికి గీత కూడా గీసింది. పట్టిక వ్రాసేటప్పుడు ఎవరిని అడిగారో, గీత గీసేటప్పుడు వారిని అడగలేదు. కాటుక రేకుల పొడ అని పేరు చెప్పిన మనిషి మనవలు తమ అడవిలో తామే నేరస్థులయ్యారు.

మరి ఆ శతాబ్దంలో మన సాహిత్యం ఏం చేస్తోంది? నిజాయితీగా చెప్పాలంటే, చాలావరకు అష్టాదశ వర్ణనలు చేస్తోంది. వనవర్ణన అంటే పొగడ, పొన్న, సంపెంగ, మావి చిగురు, కోకిల. ఏ ఊరి తోటైనా అదే తోట, ఏ కొండైనా అదే కొండ. దీన్ని నేను చిన్నచూపుతో అనడం లేదు. కవిసమయం ఒక గొప్ప సౌకర్యం. అది చదివేవారి మనసులో ఒక్క మాటతో వనమంతా నిలుపుతుంది. కాని దాని వెనుక కళ్ళు మూసుకొనే సుఖం కూడా ఉంది. పదహారవ శతాబ్దంలో పెద్దన మనుచరిత్రలోని ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపంతో హిమాలయానికి ఎగిరి వింతలన్నీ చూశాడు. మంచునీటికి లేపం కరిగిపోయి ఇల్లు చేరే దారి లేక అల్లాడాడు. ఆ కథను తరగతిలో చెప్పినప్పుడల్లా నాకు నా సంగతే గుర్తుకు వచ్చేది. నా పాదలేపం అమరకోశం. అరకు మంచులో అది కరిగిపోయింది.

అయితే మనవాళ్ళందరూ కళ్ళు మూసుకోలేదు. గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్నంలో తన సొంత ఖర్చుతో ఖగోళ వేధశాల నెలకొల్పాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని కొనసాగించి, 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబాన్ని దాటడాన్ని ఇక్కడినుండే పరిశీలించి లండను వారికి వ్రాశాడు. కందుకూరి వీరేశలింగం పంతులు నవలలు, ప్రహసనాలతోబాటు జంతువుల గురించి, శరీరశాస్త్రం గురించి, జ్యోతిశ్శాస్త్రం గురించి తేటతెలుగులో పుస్తకాలు వ్రాశాడు. బ్రౌను దొర 1852లో తెచ్చిన నిఘంటువును 1903లో సవరించి ముద్రించినవారిలో వీరేశలింగం ఒకరు. ఆ కూర్పు తెరిస్తే చాలా మొక్కల, పిట్టల పేర్ల పక్కన శాస్త్రీయ నామాలు కనబడతాయి. రస్సెల్ నాటి పాయ ఎట్టకేలకు తెలుగు నిఘంటువులో వచ్చి కలిసింది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించి శాస్త్రగ్రంథాలను తెలుగులో అచ్చువేయడం దానికి కొనసాగింపే.

కాని వీరిలో చాలామంది చూపు పుస్తకం నుండి పుస్తకానికే. కొండ మనిషి నోటినుండి నేరుగా వినాలనుకొన్న తెలుగు ఉపాధ్యాయుడు ఒకాయన ఉన్నాడు. గిడుగు రామమూర్తి పంతులు. 1880లో పర్లాకిమిడి బడిలో ఉపాధ్యాయుడుగా చేరి, సవరల భాష నేర్చుకొని, వారి పిల్లల కోసం ఆ భాషలోనే వాచకాలు తయారుచేశాడు. 1931లో సవర భాషా వ్యాకరణాన్ని వెలువరించాడు. కొండలలో తిరిగినందుకు పట్టిన జ్వరానికి వాడిన క్వినైను వల్లనే ఆయనకు చెవుడు వచ్చిందని జీవితచరిత్రకారులు వ్రాస్తారు. క్వినైను అంటే సింకోనా బెరడు సారమే. రాక్స్‌బర్గ్ సోమిదలో వెతికి దొరకని మందు. ఒక భాషను వినడం కోసం చెవులు పోగొట్టుకొన్న మనిషిని తలచుకొంటే, వ్యావహారిక భాషోద్యమంలో ఆయన వాదించినదంతా వేరుగా అర్థమవుతుంది. ఉన్న మాటను ఉన్నట్టు విను, తరువాత వ్రాయి. రస్సెల్ పాములవాళ్ళ దగ్గర చేసినదీ అదే. తేడా ఒక్కటే. రామమూర్తి పంతులు వినినదాన్ని తిరిగి వారి పిల్లల చేతిలోనే పెట్టాడు.

బొర్రా గుహల మాట ఎత్తకుండా అరకు వ్యాసం ముగిస్తే మీరు ఊరుకోరు. యాత్రికుల పుస్తకాలలో, గోడల మీది బోర్డులలో ఒక వాక్యం ఉంటుంది. 1807లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ జార్జ్ ఈ గుహలను కనుగొన్నాడని. నేను కూడా విహారయాత్రలలో పిల్లలకు ఇదే చెప్పాను. తరువాత తెలిసింది, ఆ సంస్థ ఏర్పడినదే 1851లో అని. పుట్టని సంస్థ ఉద్యోగి కొండ ఎక్కలేడు కదా! ఎవరో ఒకరు వ్రాశారు, అందరం వల్లించాం. అమరకోశం వల్లించినట్లే.

అక్కడివారు చెప్పే కథ వేరు. గుహ పైన మేస్తున్న ఆవు ఒకటి కన్నంలోనుండి లోపలికి పడిపోయింది. వెతుకుతూ దిగిన పశువుల కాపరికి లోపల శివలింగం వంటి రాయి కనబడింది. ఆ శివుడే ఆవును కాచాడని గుడి కట్టుకొన్నారు. ఆవు పొదుగునుండి పుట్టినది కాబట్టి ఆ నీరు గోస్తనీ నది. శాస్త్రం చెప్పే కథ మరొకటి. గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొన్న వాననీరు సున్నపురాయిని కరిగిస్తూ పోయి గుహను తొలిచింది. కప్పునుండి జారిన ఒక్కొక్క బొట్టు తనలోని సున్నాన్ని రవ్వంత వదిలిపెట్టి పోతూ పైనుండి కిందికి ఒక స్తంభాన్ని, కిందినుండి పైకి ఒక లింగాన్ని పెంచింది. ఈ రెండు కథలలో ఒకటి నమ్మి రెండోదాన్ని పారేయవలసిన అవసరం నాకు ఎన్నడూ కనబడలేదు. ఏది ఏ ప్రశ్నకు జవాబో తెలిస్తే చాలు. ఒకటి మాత్రం గమనించండి. కాపరి కథలో 'కనుగొన్న' మనిషి ఉన్నాడు, దీపం లేకుండా చీకటిలోకి దిగాడు, ఆవు కోసం దిగాడు. బోర్డు మీది వాక్యంలో అతనికి చోటు లేదు.

1902లో ఈ కనుమలకు వెన్నెముక వంటి రాతికి వాకర్ అనే శాస్త్రజ్ఞుడు 'ఖోండలైట్' అని పేరు పెట్టాడు. ఖోండు గిరిజనుల పేరు మీద. మనుషుల పేరు రాతికి పెట్టడం గౌరవమే. ఆ రాయి పేరు పరీక్షలలో వ్రాసే మన విద్యార్థులలో ఎందరికి అది ఒక జనం పేరని తెలుసు?

ఇప్పుడు నా అసలు బాధ చెప్పి ముగిస్తాను.

ఆ మహుల చెట్టు సంఘటన తరువాత నేను ఒక లెక్కల పుస్తకం కొని, పిల్లలు చెప్పే పేర్లు వ్రాయడం మొదలుపెట్టాను. ఒక పేజీలో తెలుగు పేరు, ఎదుటి పేజీలో వాళ్ళ ఇంటి పేరు. ఒకే చెట్టుకు కొండదొరల పిల్లవాడు ఒకటి, కొటియా పిల్లవాడు ఒకటి చెప్పేవారు. రెండూ వ్రాసేవాడిని. అడ్డాకు, జీలుగు, నల్లజీడి, కరక... రెండేళ్ళలో పుస్తకం సగం నిండింది. తరువాత బదిలీ, పిల్లల చదువులు, సంసారం. పుస్తకం అటక మీదికి పోయింది. పదవీ విరమణ తరువాత దింపి చూస్తే చెదలు తిన్నది పోగా పద్దెనిమిది పేజీలు మిగిలాయి. ఈ తప్పు పూర్తిగా నాదే. చెదలది కాదు.

ఆ వెనక బల్ల కుర్రవాడు ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉపాధ్యాయుడు. మొన్న దసరాకు కుటుంబంతో మా ఇంటికి వచ్చాడు. మిగిలిన పేజీలు అతనికి చూపించాను. తన చిన్ననాటి మాటలను తానే వేలితో తడుముతూ చదువుకొన్నాడు. కొన్నిటి దగ్గర ఆగి, "మాస్టారూ, ఇదేమిటో నాకిప్పుడు గుర్తులేదండి" అన్నాడు. పక్కన ఉన్న అతని కొడుకును, ఇంటర్మీడియట్ చదువుతున్నాడు, ఇప్పచెట్టును మీరేమంటారు నాయనా అని అడిగాను. ఆ అబ్బాయి కొంచెం ఆలోచించి శాస్త్రీయ నామం తప్పు లేకుండా చెప్పాడు. అందులో 'మధుక' అన్న మాట ఉంది. నేను ఒకప్పుడు వల్లించిన సంస్కృతమే, లాటిన్ చొక్కా తొడుక్కొని తిరిగి వచ్చింది. మహుల అన్న మాట మాత్రం అతని నోట రాలేదు. తండ్రి తల వంచుకొన్నాడు. నేను కూడా.

రెండువందల ఏళ్ళ కిందట పేరు చెప్పగలిగినవారికి వ్రాయడం రాదు. ఇవాళ వ్రాయడం వచ్చినవారికి పేరు తెలియదు. ఈ రెండింటి నడుమ ఒక చిన్న సందు ఉంది, మన తరం ఆ సందులో నిలబడి ఉంది. మన ఇళ్ళలో ఎనభై దాటినవారు ఇంకా కొందరున్నారు. వారిని పెరట్లోకి, పొలంలోకి, కొండవాలులోకి తీసుకువెళ్ళి "ఇదేమిటి?" అని అడగండి. వారు చెప్పినది చెప్పినట్టు వ్రాసుకోండి. తప్పేమో, గ్రామ్యమేమో అని దిద్దకండి. దిద్దే ఉద్యోగం నలభై ఏళ్ళు చేసినవాడిగా చెబుతున్నాను, దిద్దుబాటుకు తరువాత ఎప్పుడైనా సమయముంటుంది.

నా దగ్గర మిగిలిన పద్దెనిమిది పేజీలను నా శిష్యుడు, అతని కొడుకు కలిసి సరిచూస్తున్నారు. పూర్తి కాగానే ఇక్కడ ఉంచుతాను. మీకు తెలిసిన చెట్టు పేరో, పిట్ట పేరో, పాము పేరో, మీ ఊరి పేరుతో సహా వ్యాఖ్యగా వ్రాస్తే ఆ పట్టికలో చేరుస్తాను.

స్వస్తి.